వక్కీలమ్మ ఓట్లు, నేను కట్టని లెక్క

తమిళనాడులోని పొదటూరుపేటలో మాది తెలుగు మాట్లాడే నేతవాళ్ళ వీధి. ఇక్కడ ఓటు ఎవరికి వేయాలో తేల్చుకోవడానికి ఒక పద్ధతి ఉంది. ఎన్నికలకు ముందు ఒక ఆదివారం పొద్దున వీధి పెద్ద ఇంటి అరుగు మీద చాపలు పరుస్తారు. ఇత్తడి పళ్ళెంలో తమలపాకులు, వక్కలు పెడతారు. ఏ పార్టీకి వేస్తే వీధికి మంచిదో పెద్దలు చెబుతారు. కాసేపు వాదన జరుగుతుంది, ఒకరిద్దరు గొంతు పెంచుతారు, కాఫీలు వస్తాయి. ఆ తర్వాత ఇంటికి ఒక మగవాడు చొప్పున లేచి పళ్ళెంలోంచి ఒక ఆకు, ఒక వక్క తీసుకుంటాడు. తీసుకుంటే మాట ఇచ్చినట్టే. ఆ ఇంటి ఓట్లన్నీ అటువైపే. మా తాతల కాలం నుంచీ ఇంతే. ఆకు తీసుకుని మాట తప్పినవాడి పేరు నేను వినలేదు. విననంత మాత్రాన లేడని కాదు, అది కూడా చెప్పాలి.

మొన్నటి పార్లమెంటు ఎన్నికలప్పుడు నేను ఆ పళ్ళెం ముందుదాకా వెళ్ళి, ఆకు తీసుకోకుండా వెనక్కి వచ్చేశాను. అందుకు కారణం మా ఎంపీ. అందరూ ఆమెను వక్కీలమ్మ అనేవాళ్ళు. నేనూ అలాగే అంటాను.

రాజకీయాల్లోకి రాకముందు ఆమె తిరువళ్ళూరు కోర్టులో వకీలు. ఇటుక బట్టీల్లో పనిచేసేవాళ్ళు, ఇల్లు ఖాళీ చేయమంటే దిక్కులేని ముసలివాళ్ళు, పెళ్ళి చేసుకుని పారిపోయి వచ్చిన పిల్లలు, వీళ్ళే ఆమె కక్షిదారులు. వాదించేది తమిళంలో, మాతో మాట్లాడేది తెలుగులో. ఆ తెలుగు సొగసైనది కాదు, మా తెలుగే. మొదటిసారి పార్టీ గాలిలో గెలిచింది. రెండోసారి గాలి లేదు, కొద్ది తేడాతో గట్టెక్కింది. మూడోసారి పార్టీ టికెట్ ఇవ్వలేదు. ఒంటరిగా నిలబడింది. నేను చెప్పేది ఆ మూడోసారి సంగతి.

ఆమెకు ఒక అలవాటు ఉండేది. ఏడాదికొకసారి తిరుత్తణి మార్కెట్ పక్కన మైకు పెట్టించుకుని, ఆ ఏడాది పార్లమెంటులో ఏ బిల్లుకు ఎటు ఓటేసిందో, ఎందుకేసిందో చదివేది. కుర్చీలు ఉండవు. పూలదండలు వద్దనేది. కొన్నిటి దగ్గర ఆగి, "ఇది పార్టీ చెప్పిందని వేసినాను, నాకు ఇష్టంలేదు" అని చెప్పేది. ఆ మాట అన్నప్పుడల్లా పక్కనున్న పార్టీవాళ్ళ ముఖాలు చూడాలి.

మొదటిసారి నేను వెళ్ళింది ఆమె మీద ప్రేమతో కాదు, తప్పు పట్టుకుందామని. నేను ఎనిమిదో తరగతితో బడి మానేసినవాడిని. లెక్కలు మగ్గం మీద నేర్చుకున్నాను. గళ్ళ లుంగీలో ఎరుపు ఎన్ని పోగులు, నీలం ఎన్ని పోగులు, అంచు దగ్గరకు వచ్చేసరికి గడి సగంలో తెగకుండా ఉండాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి, ఇవన్నీ మనసులోనే కట్టేస్తాను. కొత్త గడి వస్తే వీధిలో అందరూ నా దగ్గరికే వస్తారు. నన్ను 'కణక్కు' అంటారు, తమిళంలో లెక్క అని. లెక్క మనిషికి ఒక జబ్బు ఉంటుంది. ఎవరైనా నమ్మకంగా మాట్లాడితే ఎక్కడో కూడిక తప్పి ఉంటుందని చెవి నిక్కబొడుచుకుంటుంది.

ఆ రోజు ఆమె చదివింది ఉరిశిక్ష వద్దని తాను మాట్లాడిన సంగతి. గుంపులోంచి ఒకాయన అరిచాడు.

"నీ ఇంట్లో మనిషిని సంపితే ఇట్లే మాట్లాడతావా వక్కీలమ్మా?"

"నా ఇంట్లో సంపితే నేనే కత్తి తీసుకోని పోతానేమో అన్నా. అందుకే ఆ పొద్దు నన్ను జడ్జిగా కూర్చోబెట్టగూడదు అంటా ఉండాను" అంది ఆమె.

జనం నవ్వారు. నేను నవ్వలేదు. నాకు ఆ విషయంలో ఆమెతో ఇప్పటికీ పొత్తు కుదరలేదు. కానీ అరిచిన మనిషికి ఆమె జవాబు చెప్పింది, పోలీసుకు సైగ చేయలేదు. అది గమనించాను.

నేను చేయి ఎత్తి మగ్గాల సంగతి అడిగాను. చేనేతకు కేటాయించిన రకాలను పవర్‌లూమ్‌ల మీద నేస్తున్నారు, వాటిని మూయించండి అన్నాను. మా వీధిలో నాలాగా చేతి మగ్గం పట్టుకున్నవాళ్ళు అప్పటికే తగ్గిపోయారు. ఏ నాయకుడైనా ఇలాంటి ప్రశ్నకు సరే అనేస్తాడు. ఆమె అనలేదు.

"అన్నా, చట్టం ప్రకారం మీకు ఇచ్చింది మీకు దక్కాలని మాట్లాడతాను. మూయిస్తానని మాత్రం చెప్పను. ఆ పవర్‌లూమ్ దగ్గర నిలబడేవాడూ మీ వీధిలో పుట్టినోడే. వాని కూడు తీసి మీకు పెట్టలేను."

నాకు ఒళ్ళు మండింది. బస్సులో ఇంటికొచ్చేదాకా మండుతూనే ఉంది. పొదటూరుపేటలో దిగేసరికి ఒకటి అర్థమైంది. అంతవరకు నేను ఓటేసినవాళ్ళంతా మూయిస్తామన్నారు. ఒక్కడూ మూయించలేదు. మూయించనని చెప్పినది ఈమె ఒక్కతే.

ఆ మీటింగులోనే చివర్లో ఎవరో, "మేమంతా నీకే ఏసినామమ్మా" అని కేకేశారు. ఆమె వేలు ఊపి, "నా ఓటు యాడ పడిందో మీకు తెలియాల. మీ ఓటు నాకు తెలియగూడదు. చెప్పొద్దు" అంది. అప్పుడు అది మాటకారితనం అనుకున్నాను.

ఆమె పైకి వచ్చినట్టే కిందికీ మాటల వల్లే దిగింది. మాలాగా వేరే భాష ఇంట్లో మాట్లాడుకునే పిల్లలకు బడిలో ఆ భాష కూడా నేర్పాలని పార్లమెంటులో అడిగింది, తమిళంవాళ్ళు కొందరు కోపం తెచ్చుకున్నారు. అదే నోటితో మా దగ్గరికొచ్చి, తమిళం బాగా నేర్పండి, పిల్లకాయల బతుకు ఇక్కడే అంది, మావాళ్ళు కొందరు కోపం తెచ్చుకున్నారు. ఒకసారి మా ఊళ్ళోనే ఆమె దిష్టిబొమ్మ కాల్చారు. పోలీసులు కొందరిని పట్టుకుపోయారు. ఆమే స్టేషన్‌కు వచ్చి, బొమ్మను కాల్చినారు గానీ నన్ను కాల్చలేదు గదా, వదలండి అని విడిపించింది. విడుదలైనవాళ్ళలో మా వీధి పెద్ద బావమరది ఒకడు. బయటికొచ్చి ఆమెకు దండం పెట్టాడు. తర్వాత ఆమెకు వ్యతిరేకంగా ఆకు తీసుకున్నవాళ్ళలో అతను రెండోవాడు.

అన్నిటికన్నా పెద్ద దెబ్బ పెళ్ళిళ్ళ బిల్లు. వయసొచ్చిన ఇద్దరు కులం దాటి పెళ్ళి చేసుకుంటే వాళ్ళకు ప్రభుత్వం కాపలా ఇవ్వాలి, పంచాయితీలు పెట్టి వాళ్ళను విడగొట్టేవాళ్ళను శిక్షించాలి అని తన సొంత బిల్లు ఒకటి పెట్టింది. అది ఓటింగుదాకా పోలేదు. కానీ సొంత పార్టీకే ఆమె ముల్లు అయింది. మా వీధిలో అయితే చెప్పనక్కర్లేదు.

ప్రచారానికి ఒంటరిగా వచ్చినప్పుడు వీధి పెద్ద అరుగు మీద నుంచే అడిగాడు. ఆయన నాకు మేనమామ వరస.

"ఏమమ్మా వక్కీలమ్మా, అందరి ఆడబిడ్డలకూ దోవ చూపిస్తా ఉండావే, నీ కూతుర్ని యాడ ఇచ్చినావు?"

"నేను ఇయ్యలేదు మామా. అది నా చేతిలో ఉండే వస్తువా, ఇచ్చేదానికి? ఆ పిల్లే చేసుకునింది."

"అంటే నీ మాట వినలేదు!"

"వినలేదు. ఆ పిల్లోడు నాకు మొదట్లో నచ్చలేదు కూడా. ఏం చేసేది? ఓటు హక్కు ఇచ్చినాక మొగుణ్ణి ఎంచుకునే హక్కు లేదంటే యెట్ల?"

తలుపుల వెనక ఎక్కడో ఒక ఆడమనిషి నవ్వింది. వీధి పెద్ద ఆ నవ్వు వచ్చిన వైపు చూశాడు. అప్పటికే ఆ తలుపు మూసుకుంది.

ఆ వచ్చే ఆదివారమే పళ్ళెం పెట్టారు. ఎదుటి పార్టీకి వేద్దామన్నారు. వీధి పెద్ద ఆ పార్టీవాళ్ళకు, ఈ వీధి నుంచి వక్కీలమ్మకు ఒక్క ఓటు పడదు అని ముందే మాట ఇచ్చేశాడు. నా వంతు వచ్చింది. లేచి పళ్ళెందాకా పోయి వద్దన్నాను.

"ఏం అల్లుడా, వక్క గట్టిగా ఉందా? పండ్లు లేవా?" అన్నాడు మామ. అందరూ నవ్వారు.

"పండ్లు ఉండాయి మామా. అందుకే కొరకను."

"ఆయమ్మ నీ మగ్గానికి ఏం చేసింది రా?"

"ఏం చెయ్యలేదు. చెయ్యనని ముందే చెప్పింది."

నవ్వు ఆగిపోయింది. మామ "సరి. ఒక్క ఓటే కదా, పోనీ. పిచ్చోడి ఓటని చెప్పేస్తాను" అన్నాడు. నా భార్య ఓటును కూడా ఆయన నా దాంట్లో కలపలేదు, వీధి దాంట్లోనే వేసుకున్నాడు. అది నాకు ఆ పూటే వింతగా తోచింది, కానీ నోరెత్తలేదు.

పోలింగు రోజు మా బూతులో ఆమె తరఫున ఏజెంటుగా కూర్చోవడానికి మనిషి దొరకలేదు. నేను కూర్చున్నాను. నేను ఎనిమిదితో మానేసిన బడే అది. ఓటరు జాబితా ముందు పెట్టుకుని వచ్చినవాళ్ళ వరస సంఖ్య దగ్గర గీత గీయడం నా పని. మా వీధి, వెనక వీధి, రోడ్డు పక్క కాలనీ, మూడూ ఆ బూతే. మా వీధి మగవాళ్ళు నన్ను చూడనట్టు పోయారు. ఆడవాళ్ళు కొందరు చూసి పోయారు. అంతకన్నా ఏమీ జరగలేదు.

ఆమె ఓడిపోయింది. డిపాజిట్ దక్కింది, అంతే. లెక్కింపు రోజు సాయంత్రానికి బూతుల వారీ అంకెలు ఊళ్ళో ఫోన్లలో తిరిగాయి. మా బూతులో వక్కీలమ్మకు డెబ్బైకి పైగా ఓట్లు పడ్డాయి. కాలనీవి, వెనక వీధివి తీసేసినా మా వీధివి చాలానే మిగులుతాయి.

గెలిచిన పార్టీవాళ్ళు విజయం పండగ చేసుకుంటూనే మా మామను ఎగతాళి చేశారట. ఒక్క ఓటు పడదన్నావు, మీ పిచ్చోడు ఒక్కడే డెబ్బైసార్లు వేసినాడా అని. ఆయనకు అది తల తీసేసినట్టయింది. గెలిచినా ఓడినట్టయింది. తర్వాత రెండు మూడు రోజులు వీధిలో ఎవరూ ఎవరితో సరిగా మాట్లాడుకోలేదు. ఆకు తీసుకున్న ప్రతివాడూ పక్కవాణ్ణి అనుమానించాడు.

నాకు మాత్రం అంకె చూడగానే విషయం తెలిసిపోయింది. ఆకు ఇంటికొకటి, ఓటు మనిషికొకటి. వీధి మొత్తం ఆకులు లెక్కపెట్టుకుని ఓట్లు లెక్కపెట్టుకున్నామనుకుంది. పళ్ళెం దగ్గరికి ఏ ఆడమనిషినీ ఎవరూ పిలవలేదు. పిలవని మనిషి మాట ఇవ్వలేదు. ఇవ్వని మాట తప్పడమేమిటి?

ఒక మధ్యాహ్నం మామ మా ఇంటికి వచ్చాడు. నేను మగ్గంలో ఉన్నాను. పాత పడుగు అయిపోవచ్చింది. కొత్త పడుగు పోగు తయారుగా ఉంది, గంజి పెట్టాలి. ఈ పని తెలియనివాళ్ళకు చెప్పాలి. పడుగు అంటే నిలువు పోగులన్నీ. దాన్ని తెల్లవారకముందే వీధి పొడవునా బిగించి పరచి, బియ్యపు గంజి పట్టించి, ఎండ ముదిరేలోగా రెండు వైపులా పెద్ద కుంచెలతో దువ్వుతూ ఆరబెట్టాలి. ఆలస్యమైతే పోగులు ఒకదానికొకటి అతుక్కుపోతాయి, ఆ పడుగు చెత్తలోకే. ఒక ఇంటివాళ్ళ చేతులు చాలవు. నీ పడుగుకు నేను, నా పడుగుకు నువ్వు, అలా వీధి అంతా వస్తుంది. వీధి రాకపోతే మగ్గం లేదు.

మామ నా పక్కన మగ్గం గుంటలోకి కాళ్ళు వేలాడేసి కూర్చున్నాడు. గొంతు మెత్తగానే ఉంది.

"అల్లుడా, బూతులో కూర్చునింది నువ్వు. ఎవరెవరు వచ్చినారో నీకు తెలుసు. కాలనీవాళ్ళు ఎటేసినారో వాళ్ళే బాహాటంగా చెప్పుకుంటా ఉండారు. వెనక వీధి సంగతీ తెలుసు. అవి తీసేస్తే మిగిలింది మనదే గదా. నీకు కణక్కు ఎవురూ నేర్పించక్కర్లే. ఇల్లు ఇల్లుగా కట్టి చెప్పు. ఏ ఇంట్లో ఏ ఆడది దాటిందో నాకు తెలియాల."

"తెలిసి ఏం జేస్తావు మామా?"

"ఏం జేసేది? పిలిచి అడుగుతాను. వాళ్ళ మొగోళ్ళకు చెప్తాను."

"వాళ్ళేం జేస్తారు?"

అది చెప్పనక్కర్లేదు. మా వీధిలో నాకు తెలిసిన మొగుళ్ళు అందరూ చెడ్డవాళ్ళు కారు. కానీ అందరూ మంచివాళ్ళూ కారు. ఏ ఇంట్లో ఎవరికి ఏం జరుగుతుందో అది నేను కట్టగలిగిన లెక్క కాదు.

ఆయన అడిగినది మాత్రం కట్టగలను. అదే నన్ను భయపెట్టింది. నూటికి నూరుపాళ్ళు రాదు, కానీ చాలా దగ్గరికి వస్తుంది. ఆయన మాట్లాడుతుండగానే నా బుర్ర దానంతట అది మొదలుపెట్టింది. ఈ ఇంట్లో ఇందరు, ఆ ఇంట్లో అత్తాకోడళ్ళు కలిసి వచ్చారు, వీళ్ళు వేరుగా వచ్చారు. నేను పోగుల మధ్య అటూ ఇటూ దూకే నాడెను చేత్తో గట్టిగా పట్టుకుని ఆపాను.

"కట్టను మామా."

"రాదంటావా?"

"వస్తుంది. కట్టను."

"రేపు ఎల్లుండి పడుగు గంజి పెట్టుకోవాల గదా నువ్వు. వీధి రావాల గదా."

"రావాల."

"అయితే?"

"రాకపోతే పోనీ మామా. నువ్వు ఏ రోజైనా ఎవురికేసినావో నేను అడిగినానా? నీ ఓటు చెప్పమని ఎవురన్నా నా దగ్గరికొచ్చినా ఇదే చెప్తాను."

"నేను దాచుకునేదేముంది రా?"

"అది నీ ఇష్టం. వాళ్ళు దాచుకునేది వాళ్ళ ఇష్టం."

ఆయన లేచాడు. తలుపు దగ్గర తిరిగి, "ఆయమ్మ ఓడిపోయింది, ఇంటికి పోయింది. నువ్వు ఎవురికోసం రా ఈ పంతం?" అన్నాడు. నిజంగానే తెలియక అడిగినట్టు అడిగాడు. ఆమె కోసం కాదని నాకు ఆ క్షణంలో తెలిసింది. ఆమె కోసమైతే ఆమె ఓటమితో అయిపోయేది. కానీ అదంతా నేను నోటితో చెప్పలేకపోయాను. "పడుగు కోసం" అన్నాను. ఆయన వెటకారం అనుకున్నాడు.

ఆ సాయంత్రమే ఎవరూ నా పడుగుకు రాకూడదని ఇంటింటికీ మాట వెళ్ళింది.

పడుగు పాడైతే మగ్గం ఆగుతుంది. ఒకసారి ఆగితే మళ్ళీ ఎవరి చేతులతో మొదలుపెట్టాలి? చేతి మగ్గం వదిలి పవర్‌లూమ్ దగ్గర నిలబడటానికి నాకు మనసు లేదు. నా భార్య అంతా విని, "నిన్ను గుచ్చి గుచ్చి అడిగినా చెప్పలేదా?" అంది. లేదన్నాను. "ఎవురికేసినావని నన్ను నువ్వు అడుగుతావా?" అంది. అడగనన్నాను. ఆమె గంజికి బియ్యం నానబోసింది.

పడుగు పొడవు సగం చేశాను. పోగు రెండు ముక్కలు చేయడం మాకు మనసొప్పదు, అతుకులు ఎక్కువవుతాయి, గడి జతపడదు. కానీ సగం పడుగైతే నలుగురితో గట్టెక్కవచ్చు. తిరుత్తణి నుంచి నా బావమరదిని రమ్మన్నాను. వాడు వ్యాను తోలేవాడు, కుంచె పట్టి పదేళ్ళు దాటింది. తెల్లవారుజామున వచ్చి, చలికి దుప్పటి కప్పుకుని వీధిలో నిలబడ్డాడు.

"ఏం బావా, మీ వీధోళ్ళంతా యాడ?"

"నిద్రపోతా ఉండారు."

"అందరికీ ఒకేసారి నిద్రొచ్చిందే! మంచి వీధి."

మేం ముగ్గురం పడుగు పరిచాం. అటు చివర గుంజకు బావమరది తాడు బిగించాడు. పోగుల మధ్య వెదురు పుల్లలు దోపాం. గంజి పట్టించాం. కుంచెకు అటొకరు ఇటొకరు ఉండాలి, తెగిన పోగులు ముడేయడానికి ఒకరు, తాడు దగ్గర ఒకరు. ఒక మనిషి తక్కువ. నేను కుంచె వదిలి ముడేయడానికి పరిగెత్తితే ఇక్కడ గంజి బిగుస్తోంది. తెల్లారింది. అరుగు మీద మామ కూర్చుని ఉన్నాడు. ఆయన పక్కన ఇంకో ఇద్దరు. పని చూడటానికి కాదు, ఎవరు వస్తారో చూడటానికి. నాకు అది అప్పుడు వెలిగింది. నేను కట్టనన్న లెక్కను ఆయన ఇక్కడ కూర్చుని కట్టబోతున్నాడు. నా పడుగుకు వచ్చినవాళ్ళే వక్కీలమ్మకు వేసినవాళ్ళని.

అప్పుడే ఎదురింటి తలుపు తెరుచుకుంది. ఎదురింటి అత్త చీర చెంగు నడుముకు దోపుకుంటూ బయటికి వచ్చింది. ఆమె మొగుడు పళ్ళెం దగ్గర అందరికన్నా ముందు ఆకు తీసుకున్నవాడు. నేను ఎదురు వెళ్ళి గొంతు తగ్గించాను.

"అత్తా, లోపలికి పో. వాళ్ళు చూస్తా ఉండారు. నువ్వు వస్తే నీ పేరు రాసేస్తారు."

"ఏం పేరు?"

"ఓటు పేరు. మేమే ఎట్నో చేసుకుంటాము. పో అత్తా."

ఆమె నన్ను పైనుంచి కిందికి చూసింది.

"నువ్వెవుర్రా నన్ను పో అనేదానికి? అరుగు మీద ఆయప్ప రావద్దంటాడు, నువ్వు పో అంటావు. నా కాళ్ళు ఎవురివి?"

ఆమె నన్ను పక్కకు నెట్టి పడుగు దగ్గరికి వెళ్ళి, తెగి వేలాడుతున్న పోగు చేతిలోకి తీసుకుంది. అరుగు మీద నుంచి మామ లేచి నిలబడ్డాడు.

"ఏం వదినా, అయితే నువ్వేనా?"

"ఏది నేనేనా?" అంది ఆమె తల తిప్పకుండా, పోగు ముడేస్తూనే. "ఎండ ముదురుతా ఉంది. వచ్చేదైతే కుంచె పట్టుకో. లేదంటే అడ్డం కూర్చోవద్దు, గంజి నీళ్ళు చిందుతాయి."

మామ కూర్చోలేదు, రానూ లేదు. ఇంకో రెండు తలుపులు తెరుచుకున్న చప్పుడు వినబడింది. ఎవరివో చూడలేదు. తల వంచుకుని కుంచె పట్టుకుని, అటువైపు నా భార్య అడుగు వేసేదాకా ఆగి, దువ్వడం మొదలుపెట్టాను.